శాస్త్రవిద్యకు శాశ్వతనిధి : తెలుగు దాతల చరిత్ర, భివండీ కర్తవ్యము

విద్యాసంస్థలకు ఇచ్చు దానము రెండు విధములు. ఒకటి కట్టడమునకై ఇచ్చునది. రెండవది కార్యమునకై ఇచ్చునది. మొదటిది కంటికి కనిపించును. శంకుస్థాపన జరుగును, గోడలు లేచును, శిలాఫలకముపై దాత పేరు నిలుచును. రెండవది కంటికి కనిపింపదు. మూలధనము ఒకచోట భద్రముగా నుండగా దానిపై వచ్చు ఆదాయము ఏటేట బోధనకు, ఉపకరణములకు, విద్యార్థివేతనములకు వినియోగపడుచుండును. ఇట్టి దానినే శాశ్వతనిధి యందురు. బి.ఎస్‌సి. తరగతిలో చేరిన పేదవిద్యార్థికి గోడలకంటె ఈ కనిపింపని నిధియే ఎక్కువ అక్కఱకు వచ్చును. తెలుగువారు ఈ సత్యమును ఎన్నడు గ్రహించిరి, ఎట్లు ఆచరించిరి, ఎచ్చట చిక్కులు ఎదురైనవి అను విషయములను పరిశీలించుట భివండీ తెలుగువారికి నేడు మిక్కిలి ప్రయోజనకరము.

ఠాణా జిల్లాలోని భివండీ మరమగ్గముల పట్టణము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములు ఇచ్చట తరతరములుగా నివసించుచున్నవి. సాంచా నడుపు కుటుంబమునకు కట్టడమునకును కార్యమునకును గల భేదమును వేఱుగా వివరింప నక్కఱలేదు. మగ్గము కొనుట ఒక ఖర్చు. దానిని నడుపుట వేఱొక ఖర్చు. పడుగు, పేక, కండెలు, నాడెలు, విద్యుచ్ఛక్తి, మరమ్మతు - ఇవి దినదినము అందకున్నచో ఎంత మంచి మగ్గమైనను గుడ్డ నేయదు. కళాశాలలోని ప్రయోగశాలయు నట్టిదే.

పూర్వ సంప్రదాయము

శాశ్వతనిధి అను భావము పాశ్చాత్యుల వలన తెలుగుదేశమునకు వచ్చినది కాదు. కాకతీయుల నాటి మల్కాపురము శాసనము దీనికి ప్రబలసాక్ష్యము. ఇది క్రీ.శ. 1261 నాటిది. విశ్వేశ్వర శివాచార్యునకు గణపతిదేవ చక్రవర్తి మందడ గ్రామమును ఇత్తునని వాగ్దానము చేసి యుండెను. ఆయన కుమార్తె రుద్రమదేవి తండ్రి మాటను చెల్లించుటయే గాక వెలగపూడి గ్రామమును గూడ చేర్చి శాసనపూర్వకముగా దానమిచ్చెను. ఆ రెండు గ్రామములు నేటి అమరావతి ప్రాంతమున నున్నవి.

ఈ శాసనమున గమనింపదగిన విశేషము దానము యొక్క పరిమాణము కాదు, దాని ఏర్పాటు. గ్రామముల ఆదాయము దేనిదేనికి చెందవలెనో అందు స్పష్టముగా విభజింపబడినది. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము, మఠమున చదువుకొను విద్యార్థుల పోషణము - వీని కన్నింటికిని భాగములు కలవు. వేదములు చెప్పువారు, వ్యాకరణ తర్క సాహిత్యాదులను వ్యాఖ్యానించువారు, వైద్యుడు, లెక్కలు వ్రాయు కాయస్థుడు మొదలగువారి జీవనమునకు వృత్తులు నిర్ణయింపబడినవి. లెక్కలు వ్రాయువాని జీతము గూడ దానపత్రమున చేరుటను బట్టి నాటివారి దూరదృష్టి వెల్లడియగుచున్నది. లెక్క లేని నిధి నిలువదని వారెఱుగుదురు.

చక్రవర్తులు మాత్రమే ఇట్టి దానములు చేసిరనుకొన రాదు. నేటి కర్ణాటకమున విజయపుర జిల్లాలోని సాలోటిగి గ్రామమున క్రీ.శ. 945 నాటి శాసనము కలదు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని మంత్రి నారాయణుడు అచ్చట విద్యాశాలను కట్టించెను. దేశదేశముల నుండి వచ్చిన విద్యార్థుల నిమిత్తము గ్రామస్థులు భూములిచ్చిరి. అంతేకాక గ్రామమున జరుగు ప్రతి వివాహమునకు, ప్రతి ఉపనయనమునకు, ప్రతి చౌలమునకు ఇంత యని విద్యాశాలకు చెల్లించునట్లు కట్టడి చేసికొనిరి. ధనవంతుని పెద్దదానము, సామాన్యుల చిన్నచిన్న చెల్లింపులు - ఈ రెండును కలిసిన చోట విద్య నిలుచునని వేయి సంవత్సరములకు పూర్వమే తెలియును.

నిధికి రక్షణ

దానబుద్ధి యొక్కటియే చాలదని చెన్నపట్టణపు పచ్చయప్ప మొదలారి కథ నిరూపించుచున్నది. ఆయన దుబాసీగా వర్తకమున గొప్ప ధనము నార్జించి 1794 సంవత్సరమున మరణించెను. ధర్మకార్యములకై మరణశాసనము వ్రాసియుండెను. కాని వారసుల నడుమ, ధర్మకర్తల నడుమ వ్యాజ్యములు బయలుదేరినవి. ఆ ధనము దశాబ్దముల తరబడి చిక్కుపడియుండెను. చెన్నపట్టణ సుప్రీము కోర్టు కల్పించుకొని, దేవాలయాది ధర్మములకు కావలసినంత కేటాయించి, మిగిలిన ధనమును విద్యకు వినియోగించునట్లు ఏర్పాటు చేసెను. తుదకు 1842 సంవత్సరమున పచ్చయప్ప పేర పాఠశాల తెఱవబడెను. అదియే తరువాత కళాశాలయై, చెన్నపట్టణమున చదువుకొన్న తెలుగు విద్యార్థులకు గూడ ఆశ్రయమయ్యెను.

దాత మరణమునకును పాఠశాల స్థాపనకును మధ్య 48 సంవత్సరములు గడచినవి. రెండు తరముల బాలురు ఆ ధనము వలన ప్రయోజనము పొందకయే పెద్దవారైరి. దానపత్రమున ఉద్దేశము స్పష్టముగా నుండుట, ధర్మకర్తలపై అదుపుండుట, లెక్కలు బహిరంగముగా నుండుట - ఈ మూడును ఎంత అవసరమో దీనివలన తెలియును. తరువాతి కాలమున 1890 నాటి చారిటబుల్ ఎండోమెంట్స్ చట్టము, బొంబాయి రాష్ట్రమున 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టము ఇట్టి రక్షణమునకై ఏర్పడినవే.

విశాఖపట్టణము : ఖగోళశాస్త్రజ్ఞుని దానము

శాస్త్రవిద్యకును తెలుగు దాతృత్వమునకును సంబంధము నెలకొనిన తొలి స్థలములలో విశాఖపట్టణము ముఖ్యమైనది. అచ్చటి జమీందారీ కుటుంబమునకు చెందిన గోడే వెంకట జగ్గారావు చెన్నపట్టణపు నక్షత్రశాలలో టి.జి. టేలరు అను ఖగోళశాస్త్రజ్ఞునికడ శిక్షణ పొంది, 1840 ప్రాంతమున విశాఖపట్టణమున తన సొంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పెను. 1856లో ఆయన మరణించిన పిమ్మట ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ నక్షత్రశాలను నడిపెను. నరసింగరావు లండనులోని రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడు. 1874 సంవత్సరమున శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను పరిశీలించిన భారతీయులలో ఆయన యొకడు.

అదే పట్టణమున 1860లో ఆంగ్లో-వెర్నాక్యులర్ పాఠశాల యొకటి ప్రారంభమై, 1878లో చెన్నపురి విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన ద్వితీయశ్రేణి కళాశాలగా పెంపొందెను. ద్వితీయశ్రేణి యనగా ఎఫ్.ఏ. పరీక్ష వరకు, అనగా నేటి ఇంటర్మీడియేటు వరకు బోధించునది. నరసింగరావు దంపతుల దాతృత్వమున ఆ కళాశాలకు ఆర్థికస్థైర్యము చేకూరెను. 1892 నుండి అది మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలగా పేరొందినది. స్త్రీ పేర వెలసిన కళాశాలలు నాడు ఎంత అరుదో తలచినచో ఈ నామకరణము యొక్క విశిష్టత బోధపడును. నరసింగరావు ఆ సంవత్సరమే మరణించెను.

ఆ దానము జరిగిన రోజులలోనే ఆర్. చంద్రశేఖర అయ్యరు అను గణిత భౌతికశాస్త్రముల ఉపన్యాసకుడు ఆ కళాశాలలో చేరుటకై తిరుచిరాపల్లి ప్రాంతము నుండి సకుటుంబముగా విశాఖపట్టణము వచ్చెను. అప్పటికి ఆయన కుమారుడు చంద్రశేఖర వెంకటరామన్ నాలుగేండ్ల బాలుడు. ఆ బాలుడు విశాఖపట్టణముననే పెరిగి, మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణుడై, 1903లో చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలకు వెడలెను. 1928లో కాంతిప్రకీర్ణనమును గూర్చి ఆయన కనుగొన్న విషయము రామన్ ఫలితము అను పేర లోకప్రసిద్ధమైనది. 1930లో నోబెల్ బహుమానము లభించినది.

ఇంతటితో కథ ముగియలేదు. చంద్రశేఖర అయ్యరు పేర ఆ కళాశాలలో విద్యార్థివేతన మొకటి ఏర్పడెను. 1930-40 దశకమున ఇంటర్మీడియేటు చదువుచు ఆ వేతనమును పొందిన విద్యార్థి కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం.ఏ. పట్టము పొంది, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరి, ప్రపంచమున పేరెన్నికగన్న గణాంకశాస్త్రజ్ఞుడయ్యెను. 2023లో నూట రెండేండ్లు నిండిన పిమ్మట మరణించెను.

రామన్ ప్రతిభయు, రాధాకృష్ణారావు ప్రతిభయు నరసింగరావు దానము వలననే కలిగినవని చెప్పుట అత్యుక్తి యగును. ప్రతిభను ఏ నిధియు పుట్టింపజాలదు. కాని భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయునికి ఒక చిన్న పట్టణమున కొలువుండుట, ఆయన బిడ్డకు ఇంట పుస్తకము లుండుట, మఱి ముప్పదినలుబది సంవత్సరములకు వేఱొక ఇంటి బిడ్డకు ఆ ఉపాధ్యాయుని పేర వేతనము దొరకుట - ఈ వరుస నిలుకడగల కళాశాల లేనిదే సాధ్యము కాదు. ఆ నిలుకడను కొనగలిగినది దాతల ధనమే.

జయపురము : ఏటేట లక్ష రూపాయలు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపితమైనది. ఆరంభమున అది అనుబంధ కళాశాలల విద్యార్థులకు పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థగనే యుండెను. స్వయముగా శాస్త్రవిద్యను బోధింపవలెనన్నచో ప్రయోగశాలలు కావలెను, పండితులు కావలెను, వారికి ఏటేట జీతములు కావలెను. చెన్నపట్టణ ప్రభుత్వమిచ్చు సొమ్ము చాలదు. మొదటి వైస్‌చాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డియు, 1931 నుండి 1936 వరకు ఆ పదవి నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణనును ఈ కొఱతను తీర్చుటకు పాటుపడిరి.

ఆ సమయమున ఆదుకొన్నవాడు జయపురము మహారాజా విక్రమదేవవర్మ. ఆయన 1931లో అఱువది యేండ్లు దాటిన పిమ్మట సంస్థానాధిపతి యయ్యెను. తెలుగు, ఒడియా భాషలు రెండింటను కవిత్వము చెప్పిన పండితుడు. ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల దానము ఏర్పఱచెను. నాటి రూపాయి విలువను బట్టి చూచినచో ఇది అసామాన్యమైన దానము. విశాఖపట్టణమున వెలసిన విజ్ఞాన సాంకేతిక కళాశాలకు జయపుర విక్రమదేవ కళాశాల అను పేరు పెట్టబడెను. అచ్చట బి.ఎస్‌సి. ఆనర్సు తరగతులు ప్రారంభమైనవి. అంతకు పూర్వము ఉన్నత శాస్త్రవిద్యకై చెన్నపట్టణమునకో, కలకత్తాకో పోవలసివచ్చిన తెలుగు యువకులకు తమ దేశముననే అవకాశము కలిగెను.

ఈ దానము యొక్క ఫలము తొలి దశాబ్దముననే కనిపించినది. కలకత్తాలో రామన్‌కడ పరిశోధన చేసిన సూరి భగవంతము 1932లో భౌతికశాస్త్ర శాఖలో చేరెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు. రామన్ ఫలితమును ఆధారముగా గొని అణువుల, స్ఫటికముల నిర్మాణమును గూర్చిన పరిశోధన ఆయన నాయకత్వమున విశాఖపట్టణమున వ్యాపించెను. విశాఖపట్టణమున పెరిగిన బాలుడు కలకత్తాలో నాటిన విత్తనము ఈ రీతిగా మరల విశాఖపట్టణమునకే చేరెను. రసాయనశాస్త్రమున తిరువెంకట రాజేంద్ర శేషాద్రి మొక్కలలోని వర్ణద్రవ్యములను గూర్చి చేసిన పరిశోధనలు విశ్వవిఖ్యాతములైనవి. భగవంతము తరువాత బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థకు అధ్యక్షుడయ్యెను. శేషాద్రి ఢిల్లీకి వెడలి 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. వీరిరువురును కేవల పరిశోధకులు కారు; ఆనర్సు తరగతుల విద్యార్థులకు పాఠములు చెప్పిన ఉపాధ్యాయులు.

విక్రమదేవవర్మ దానమున వేఱొక విశేషము గలదు. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడగా జయపురము ఆ రాష్ట్రమున చేరినది. రాజ్యసరిహద్దు మాఱినను ఆయన తెలుగువారి విద్యాపీఠమునకు అండగనే నిలిచెను. ఒడియా విద్యాభివృద్ధికిని అట్లే తోడ్పడెను. ఒక ప్రాంతమున నివసించుచు వేఱొక ప్రాంతపు బిడ్డల చదువునకు ధనమిచ్చుట తప్పు కాదనియు, రెండు భాషలను ప్రేమించువాడు రెండింటికిని ఋణపడియుండుననియు ఆయన ఆచరించి చూపెను. మహారాష్ట్రమున స్థిరపడిన తెలుగువారికి ఈ దృష్టాంతము మిక్కిలి దగ్గఱది.

అయినను ఈ దానమున నొక బలహీనత లేకపోలేదు. ఏటేట ఇచ్చు సొమ్ము ఎంత గొప్పదైనను ఇచ్చువాని ఆదాయముపై ఆధారపడియుండును. జయపురము ఆదాయము జమీందారీ భూములది. 1948లో చెన్నపట్టణ రాష్ట్రమునను, తరువాత ఒరిస్సాలోను జమీందారీలను రద్దుచేయు చట్టములు వచ్చినవి. విక్రమదేవవర్మ 1951లో మరణించెను. ఆనాటి నుండి విశ్వవిద్యాలయముల శాస్త్రవిద్యకు ప్రధానపోషణము ప్రభుత్వముల వంతు అయ్యెను. ఇచ్చువాని చేతిలోనున్న ఆదాయమునకును, ఇచ్చివేసిన మూలధనమునకును గల తేడా ఇదియే.

జమీందారుల తరువాత

విజయనగరమున మహారాజా కళాశాల, కాకినాడలో పిఠాపురము రాజా కళాశాల, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల - ఇవన్నియు సంస్థానాధిపతుల, జమీందారుల నీడన వర్ధిల్లినవి. స్వాతంత్ర్యము వచ్చు కాలమునకు దాతృత్వము యొక్క స్వరూపము మాఱెను. కృష్ణా, గోదావరి మండలములలో రైతులు, వర్తకులు చందాలు వేసికొని పట్టణపట్టణమునను కళాశాలలు స్థాపించిరి. ఏలూరు, భీమవరము, నరసాపురము, గుడివాడ, అమలాపురము కళాశాలలు 1945 మొదలు ఏడెనిమిదేండ్ల కాలమున వెలసినవే.

వీనిలో గుడివాడ కళాశాల చరిత్ర స్మరణీయము. 1950లో స్థాపితమైన ఆ కళాశాలకు చలనచిత్రనటుడు అక్కినేని నాగేశ్వరరావు లక్ష రూపాయల విరాళమిచ్చెను. కళాశాల ఆయన పేర వెలసినది. ఆయన గుడివాడ సమీపపు పల్లెలో రైతుకుటుంబమున జన్మించినవాడు. ప్రాథమిక విద్యను దాటి చదువుకొను అవకాశము ఆయనకు లభింపలేదు. తనకు లేని దానిని పరుల బిడ్డలకు కలిగించుట దాతృత్వమున ఉత్తమమైనది. జమీందారుని లక్షకును, కష్టించి సంపాదించిన నటుని లక్షకును బేరీజు వేయ నక్కఱలేదు. కాని చదువు లేనివాడు చదువునకు దాత కాగలడని గుడివాడ లోకమునకు చాటినది.

బొంబాయి ప్రాంతపు దృష్టాంతములు

భివండీకి చేరువనున్న బొంబాయి నగరమున శాస్త్రవిద్యకై జరిగిన దానము గూడ తలపదగినది. 1911లో శంకుస్థాపన జరిగి 1920 నాటికి పనిచేయ నారంభించిన రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు సర్ కావస్‌జీ జహంగీరు, సర్ జేకబ్ ససూను, సర్ కరీంభాయి ఇబ్రహీము, వసంజీ మూల్‌జీ విరాళములిచ్చిరి. ఒకరు పారసీ, ఒకరు యూదు, ఒకరు ముస్లిము, ఒకరు జైనుడు. రసాయనశాస్త్రమునకు కులమతములు లేవని ఆ దాతల సమూహమే చాటుచున్నది.

మహారాష్ట్రపు తెలుగువారిలో షోలాపురము నేతపనివారు విద్యావిషయమున ముందడుగు వేసిరి. అచ్చటి పద్మశాలి శిక్షణ సంస్థ పాఠశాలలను, ఏ.ఆర్. బుర్లా మహిళా కళాశాలను నడుపుచున్నది. మగ్గముపై బ్రతికిన సమాజము బాలికల కళాశాలను నిలుపుకొనగలిగెననుట ఆంధ్రేతర ప్రాంతములందలి తెలుగువారికందఱికిని గర్వకారణము.

శాస్త్రవిద్య ఏల వ్యయసాధ్యము

సాహిత్యమును, చరిత్రను చెప్పుటకు ఉపాధ్యాయుడు, గ్రంథాలయము ఉన్నచో ప్రధానమైన సామగ్రి సమకూడినట్లే. శాస్త్రమునకు అది చాలదు. రసాయనశాస్త్ర విద్యార్థి వాడిన ఆమ్లము మరల సీసాలోనికి రాదు. వెండి లవణము లొకసారి ప్రయోగింపబడిన పిమ్మట కాలువ పాలగును. గాజుపాత్రలు పగులును. భౌతికశాస్త్రమున కొలతసాధనములు ఏటేట సరిచూడబడకున్నచో విద్యార్థి తప్పులెక్కలనే నేర్చును. వృక్షశాస్త్రమునకు కొత్త నమూనాలు, సూక్ష్మదర్శినికి కటకములు, జంతుశాస్త్రమునకు భద్రపఱచు ద్రవములు కావలెను. వీనిని కాపాడు ప్రయోగశాలా సహాయకులకు జీతము లీయవలెను.

ప్రభుత్వపు గ్రాంటు ప్రధానముగా ఆమోదింపబడిన ఉపాధ్యాయుల జీతములకు పోవును. గ్రాంటు లేని తరగతులకు విద్యార్థుల రుసుమే ఆధారము. రుసుము పెంచినచో పేదవాడు తప్పుకొనును. పెంచకున్నచో ప్రయోగములు తగ్గును. ఇరువురు చేయవలసిన ప్రయోగమును ఎనమండుగురు చుట్టును నిలిచి చూచెదరు. చూచుట వేఱు, చేయుట వేఱు. మగ్గము ప్రక్క నిలిచి చూచినవాడు నేతగాడు కానట్లే, ప్రయోగము చూచి వచ్చినవాడు శాస్త్రజ్ఞుడు కాడు. శాశ్వతనిధి ఆదాయము పూడ్చవలసిన లోటు సరిగా ఇచ్చటనే కలదు.

భివండీ : అవసరము, మార్గము

భివండీలో చేనేత ప్రాచీనమైనది. 1857 తిరుగుబాటు అనంతరము ఉత్తరదేశమునుండి వచ్చిన మోమిన్ నేతపనివారు ఇచ్చట స్థిరపడిరి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మరమగ్గములు ప్రవేశించెను. తెలుగు నేతపనివారు క్రమముగా వచ్చి చేరిరి. 1982లో బొంబాయి బట్టల మిల్లులలో సుదీర్ఘమైన సమ్మె జరిగిన పిమ్మట మిల్లులు కోల్పోయిన పనిలో చాలభాగము భివండీ మరమగ్గములకు మఱలెను. పని పెరిగినది, కాని పనివాని జీవితము నేసిన గుడ్డ కొలతపై వచ్చు కూలిపైననే నడచుచున్నది. నూలు ధర పెరిగినను, విద్యుత్తు ఆగినను ముందుగా తగ్గునది ఇంటి చదువుల ఖర్చే.

పట్టణమున ఉన్నతవిద్యకు సంస్థలు లేకపోలేదు. భివండీ-నిజాంపూరు నగరపాలిక పేరునే ధరించిన బి.ఎన్.ఎన్. కళాశాలలో కళలతోను వాణిజ్యముతోను పాటు విజ్ఞానశాస్త్రమును బోధింపబడుచున్నది. కోకణ్ ముస్లిం ఎడ్యుకేషన్ సొసైటీ జి.ఎం. మోమిన్ మహిళా కళాశాలను నడుపుచున్నది. ఒకదానికి పట్టణము పేరు, మఱొకదాని వెనుక ఒక సమాజపు విద్యాసంఘము. కావున భివండీ తెలుగువారు కొత్త కళాశాలను కట్టనక్కఱలేదు. ఉన్న కళాశాలలలో శాస్త్రవిద్య నభ్యసించు విద్యార్థులకై ఒక నిధి నేర్పఱచుట వారికి సాధ్యమైన కార్యము, సత్వరఫలదాయకమైన కార్యము.

పైన పేర్కొన్న చరిత్రనుండి అట్టి నిధికి కొన్ని నియమములు తేలుచున్నవి. మల్కాపుర శాసనమునందు వలె ఆదాయము దేనిదేనికి ఎంతెంత చెల్లవలెనో ముందుగనే నిర్ణయింపవలెను. లెక్క వ్రాయువానిని మఱువరాదు. పచ్చయప్ప ధర్మమునకు కలిగిన చిక్కు రాకుండ ధర్మనిధిని 1950 నాటి చట్టము ననుసరించి నమోదు చేయించి, ఏటేట లెక్కలను తనిఖీ చేయించి సభ్యులయెదుట నుంచవలెను. జయపుర దానమునుండి రెండు పాఠములు నేర్వవలెను: సరిహద్దులు దాతృత్వమునకు అడ్డు కారాదు, వార్షికవాగ్దానముకంటె ఇచ్చివేసిన మూలధనము స్థిరమైనది.

ఒక లెక్కను ఉదాహరణముగా చూడవచ్చును. నిధి పది లక్షల రూపాయలనియు, దానిపై నూటికి ఆఱు వంతున ఆదాయము వచ్చుననియు అనుకొనినచో సంవత్సరమునకు 60,000 రూపాయలు లభించును. దానినంతయు ఖర్చు చేసినచో ధరలు పెరిగినకొలది నిధి విలువ తఱుగును. నాలుగవవంతు, అనగా 15,000 రూపాయలు తిరిగి మూలధనమున చేర్చి, మిగిలిన 45,000 రూపాయలను వినియోగింపవలెను. ఆ సొమ్ముతో ముగ్గురు విద్యార్థులకు ఒక్కొక్కరికి 10,000 వంతున వేతనమిచ్చి, మిగిలిన 15,000తో ప్రయోగశాలా సామగ్రికి తోడ్పడవచ్చును. ముగ్గురే కదాయని తక్కువ చేయరాదు. మూడేండ్ల బి.ఎస్‌సి. చదువు పూర్తియగు ముగ్గురు ఇరువదియొక్క సంవత్సరములలో ఇరువదియొక్కమంది యగుదురు. నిధి మాత్రము మొదటికంటె పెద్దదై యుండును.

పది లక్షలు ఒక్కరే ఈయనక్కఱలేదు. సాలోటిగి గ్రామస్థుల కట్టడి ఇచ్చట పనికివచ్చును. పెండ్లి జరిగిన ప్రతి ఇంటివారు, గృహప్రవేశము చేసికొన్న ప్రతి కుటుంబము శక్తికొలది నిధికి చెల్లించినచో కొలది సంవత్సరములలో మూలధనము సమకూడును. తల్లిదండ్రుల జ్ఞాపకార్థము భోజనములు పెట్టు పుణ్యముతో బాటు వారి పేర ఒక విద్యార్థివేతనమును నెలకొల్పవచ్చును. చంద్రశేఖర అయ్యరు జమీందారు కాడు, ఉపాధ్యాయుడు. ఆయన పేరి వేతనమే రాధాకృష్ణారావు వంటి విద్యార్థికి చేరినది.

వేతనము పొందు విద్యార్థిని ఎన్నుకొనుటలో మార్కులు మాత్రమే ప్రమాణము కారాదు. తెలుగు, మరాఠీ మాధ్యమములలో పాఠశాల చదువు ముగించినవాడు కళాశాలలో అడుగిడగానే శాస్త్రపరిభాషను ఆంగ్లమున ఎదుర్కొనవలసియుండును. మొదటి సంవత్సరమున అతడు వెనుకబడుట బుద్ధిలోపము వలన కాదు, భాష వలన. రాత్రిపాళీలో తండ్రికి తోడు మగ్గముకడ నిలుచు బాలుని, ఇంట కండెలు చుట్టి పిమ్మట పుస్తకము పట్టు బాలికను మార్కులపట్టికయే కొలువజాలదు. అట్టివారికి మొదటి సంవత్సరముననే సహాయము అందినచో మూడవ సంవత్సరమున వారు ముందువరుసకు వచ్చుటకు అవకాశముండును. సహాయము మూడవ సంవత్సరమున వచ్చినచో అప్పటికి వారు చదువు మానివేసి యుందురు.

ఈ పట్టణపు బిడ్డలకు శాస్త్రవిద్య దూరపు వస్తువు కాదు. గంజి పెట్టుట రసాయనశాస్త్రము, అద్దకము రసాయనశాస్త్రము, అద్దకపు నీరు నదిలో కలిసినపుడు ఏమగునో చెప్పునది జీవశాస్త్రము. మగ్గముల హోరు చెవికి చేయు హానిని కొలుచునది భౌతికశాస్త్రము. తరతరములుగా ఈ వృత్తిలో నున్నవారి బిడ్డలే ఈ శాస్త్రములను నేర్చి ఈ పట్టణమునకు తిరిగివచ్చినచో వారు అడుగు ప్రశ్నలు పరులు అడుగజాలరు.

రుద్రమదేవి తండ్రి వాగ్దానమును నెఱవేర్చినది. నరసింగరావు నక్షత్రములను చూచిన కంటితో పట్టణపు బాలురను గూడ చూచెను. విక్రమదేవవర్మ సరిహద్దును లెక్కింపక ఇచ్చెను. నాగేశ్వరరావు తనకు దొరకని చదువునకై ఇచ్చెను. వీరి సంపదలలో అధికభాగము కాలమున కలిసిపోయినది. విద్యకై విడిచిపెట్టిన భాగము మాత్రము ఎవరెవరి బిడ్డలలోనో నిలిచియున్నది. భివండీ తెలుగువారు ఏర్పఱచు నిధి చిన్నదైనను ఆ వరుసలోనిదే యగును. దానికి కావలసినది గొప్ప దాత కాదు. మూలధనమును ముట్టుకొనని కట్టుబాటు, తప్పని లెక్క.